నలభై ఎనిమిదికి ఎంత

బస్సు డిపోలో అందరూ ఆమెను చార్టమ్మ అనేవారు. ఏ డ్రైవరు ఏ బస్సు తీయాలి, ఏ కండక్టరు ఎన్నింటికి దిగాలి, ఎవరికైనా జ్వరం వస్తే ఆ చోటికి ఎవరిని పిలవాలి అన్నదంతా ఇరవై రెండేళ్ళుగా ఆమె రాసే డ్యూటీ చార్టు ప్రకారమే నడిచేది. చార్టు ఒకసారి గోడకెక్కిందంటే ఇక తిరుగులేదు. డిపో మేనేజరు కూడా తన బావమరిదికి పొద్దుటి డ్యూటీ కావాలంటే ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడి అడగాల్సిందే.

ఆమె భర్త కళ్ళద్దాల షాపులో పనిచేసేవాడు. అద్దాన్ని ఫ్రేముకు సరిపడా అరగదీసి బిగించడం, వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కో అద్దమే మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని అడగడం అతని పని. మంచి మాటకారి. అద్దాల కోసం వచ్చినవాళ్ళు ఇంటి గోడు కూడా చెప్పుకుని వెళ్ళేవారు. మూడేళ్ళ కింద అతని కిడ్నీలు రెండూ పాడయ్యాయి. షాపు మానేశాడు. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, మధ్యాహ్నం పూట ఆసుపత్రిలో నాలుగు గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకోవడం మొదలైంది. పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరే.

జబ్బు ఇంట్లో అడుగుపెట్టిన వారానికే చార్టమ్మ దానికీ చార్టు వేసింది. ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. పొద్దున లేవగానే బరువు, ఏ మాత్ర ఎప్పుడు, ఎన్ని గుక్కల నీళ్ళు. నీళ్ళ సీసా మీద నల్ల పెన్నుతో గీతలు గీసింది. మధ్యాహ్నానికి ఈ గీత, సాయంత్రానికి ఆ గీత. అతను ఎదురు చెప్పలేదు. గీత దాటలేదు. డాక్టరు ఆమె చార్టును ఫోన్లో ఫొటో తీసుకుని మిగతావాళ్ళకు చూపించాడు. ఆ రోజు ఆమెకు నేల మీద కాలు నిలవలేదు.

అతని మాటలు మాత్రం నెలనెలా తగ్గుతూ వచ్చాయి. ఎలా ఉందంటే బానే ఉంది. ఏమన్నా కావాలా అంటే ఏం వద్దు. ఈ రెండు జవాబుల మీదే మూడేళ్ళ కాపురం సాగింది. జబ్బు మనిషి కదా, మాటలకు ఓపికెక్కడిది అని ఆమె సరిపెట్టుకుంది.

అలాంటి రోజుల్లో డయాలసిస్ వార్డుకు ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. చదునుగా ఉన్న చెప్పులు, భుజానికి సంచీ, చేతిలో అట్ట ఫైలు. నర్సింగ్ కాలేజీలో చదువు చెబుతూ పరిశోధన చేస్తున్నానని చెప్పింది. వార్డులో మీ రక్తం కొలుస్తారు, బరువు కొలుస్తారు, నేను మీ ఆశ కొలుస్తాను అంది. పక్క మంచం మీదున్న రిటైర్డు లెక్కల మాస్టారు, దానికి థర్మామీటరు నోట్లో పెడతావా చంకలో పెడతావా అని అడిగాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, విడమరిచి చెప్పింది. దీర్ఘకాలం జబ్బుతో ఉన్న పెద్దవాళ్ళలో ఆశ ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది అన్నది తెలుసుకోవాలి. అందుకు పన్నెండు వాక్యాలున్నాయి. ఒక్కోటీ చదువుతుంది. అస్సలు కాదు అంటే ఒకటి, కాదు అంటే రెండు, అవును అంటే మూడు, పూర్తిగా అవును అంటే నాలుగు. అన్నీ కలిపితే నలభై ఎనిమిదికి ఇంత అని వస్తుంది. నెలకోసారి, మొదటి బుధవారం మధ్యాహ్నం వస్తుంది. ఇలా ఆరు నెలలు. అప్పటినుంచి వార్డులో ఆమె పేరు లెక్కలమ్మాయి అయిపోయింది.

ప్రశ్నలు అడిగే సమయంలో వెంట వచ్చినవాళ్ళు బయటికి వెళ్ళాలన్నది నియమం. ఇంటివాళ్ళు పక్కనుంటే ఇంటివాళ్ళకు నచ్చే జవాబే నోట్లోంచి వస్తుందట. చార్టమ్మకు అది నచ్చలేదు. నాకు తెలియనిది ఆయన దగ్గర ఏముంటుంది అనుకుంటూ వెళ్ళి వరండాలో నిలబడింది.

వార్డు తలుపుకు అద్దం ఉంది. ఆమె అందులోంచి చూసింది. లెక్కలమ్మాయి స్టూలు మంచం దగ్గరికి లాక్కుని కూర్చుంది. అతని ఎడమచేతికి సూదులున్నాయి. కుడిచేయి మాత్రం గాలిలో లేచింది. వేళ్ళు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు. అద్దం పట్టుకుని వెలుతురుకు చూపించినట్టు చెయ్యి పెట్టాడు. తర్వాత నవ్వాడు. పెదాలు కదిలించే నవ్వు కాదు, పై పళ్ళూ కింది పళ్ళూ కనపడేలా తల వెనక్కి వాల్చి నవ్వాడు.

ఆ నవ్వు తను చివరిసారి ఎప్పుడు చూసిందో చార్టమ్మ గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఏమడిగిందని అడిగింది. ఏవో ప్రశ్నలన్నాడు. నవ్వారుగా అంది. నవ్వానా అని కిటికీలోంచి బయటికి చూశాడు.

రెండో నెల మొదటి బుధవారం పొద్దున అతను నీలం చొక్కా ఎక్కడుందని అడిగాడు. మూడేళ్ళలో అతను ఫలానా బట్ట కావాలని అడగడం అదే మొదటిసారి. దాని చేతులు బిగుతు, సూదులు వేయడానికి ఇబ్బంది అని ఆమె చెప్పింది. మడుచుకుంటాలే అన్నాడు. గడ్డం తనే గీసుకున్నాడు. చెవి కింద కాస్త తెగితే దూది పెట్టుకుని మరీ గీసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆమె తలుపు అద్దం దగ్గర నిలబడి నవ్వులు లెక్కపెట్టింది. ఏడు. లెక్కలమ్మాయి గడియారం చూసుకోకపోవడం కూడా కనిపెట్టింది. తను అతని వైపు చూస్తే కళ్ళు ముందు అతని పాదాల మీదికే పోతాయి, వాపు వచ్చిందేమోనని. తర్వాత గడియారం మీదికి. మొహం దాకా చూపు చేరేసరికి ఏదో ఒక పని గుర్తొస్తుంది. ఈవిడకేం, స్టూలు మీద కూర్చుంటుంది, మొహంలోకే చూస్తుంది, అరగంటలో లేచి వెళ్ళిపోతుంది. వాంతి గిన్నె పట్టుకోనక్కర్లేదు, సగం నీళ్ళ గ్లాసు కోసం పోట్లాడనక్కర్లేదు. అలా అయితే నేను కూడా నవ్విస్తాను అనుకుంది చార్టమ్మ. అనుకున్నదే గానీ ఎలా నవ్వించాలో మాత్రం తోచలేదు.

ఆ వారం అక్కతో ఫోన్లో ఈ సంగతి కదిపింది. అక్క పకపకా నవ్వింది. "చేతికి రెండు సూదులు, పక్కన మిషను. ఆ మిషన్ని భుజానేసుకుని లేచిపోతాడంటావా మీ ఆయన?"

"అది కాదక్కా. అలాంటిదే అయితే ఏం చేయాలో నాకు తెలుసు."

మరింకేంటని అక్క అడిగింది. అసూయ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. యాభై రెండేళ్ళ వయసులో, జబ్బుపడిన మొగుడి నవ్వు మీద అసూయ అని పైకి అనడానికి నామోషీ అనిపించి, పొయ్యి మీద పాలున్నాయని ఫోను పెట్టేసింది.

మర్నాడు పొద్దున బల్ల దగ్గర తింటూ ఉంటే తనే ప్రశ్న వేసింది. "ఒకటి నుంచి నాలుగు లోపల చెప్పండి. రేపటి గురించి మీకేమనిపిస్తోంది?"

అతను తలెత్తి ఆమెను చూశాడు. "రెండు."

"రెండెందుకు?"

"సరే, మూడు రాసుకో."

ఆమె ఇంకో ప్రశ్న వేయలేదు. పళ్ళేలు తీసేసింది. ఒక పళ్ళెం అవసరానికి మించి చప్పుడు చేసింది.

మూడో నెలలో ఆమె చూడకూడనిది చూసింది. లెక్కలమ్మాయి పని ముగించి లేస్తుంటే చివరి మంచం మీది మనిషికి ఒక్కసారిగా కళ్ళు తిరిగాయి. ఆమె సిస్టర్‌ను పిలవడానికి పరిగెత్తింది. ఫైలు స్టూలు మీదే ఉండిపోయింది. చార్టమ్మ లోపలికి వచ్చింది. భర్త కళ్ళు మూసుకుని ఉన్నాడు. పై కాగితం అతనిదే.

అడుగున గుండ్రం చుట్టి నలభై ఒకటి అని ఉంది. నలభై ఎనిమిదికి నలభై ఒకటి. ఆమె పైనుంచి చదివింది. "కష్టమైన రోజున కూడా నాకు నచ్చింది ఒకటైనా కనిపిస్తుంది", నాలుగు. "ముందు ముందు చేయాలనుకునే పని నాకు ఉంది", నాలుగు. "మనసులో మాట చెప్పుకునే మనిషి నాకు ఉన్నారు", దానికి కూడా నాలుగే. పక్కన చిన్న అక్షరాలతో లెక్కలమ్మాయి రాసుకుంది: శనివారాలు రెండు గంటలు షాపులో కూర్చోవాలనుకుంటున్నారు. యజమానితో మాట్లాడారు. ఎడమచేత్తో బరువు ఎత్తకూడదు కాబట్టి కళ్ళ పరీక్ష వరకే.

యజమానితో మాట్లాడారట. ఎప్పుడు? ఏ ఫోనులో? తను డిపోలో ఉన్నప్పుడా?

ఇంకొకరైతే ఆ అంకె చూసి సంతోషించేవారు. ఆ మాట ఆమెకు కూడా తెలుసు. కానీ ఆ క్షణంలో ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. మాత్రల పెట్టె తనది, వాపు పాదాలు తనవి, బానే ఉంది, ఏం వద్దు అన్న జవాబులు తనవి. మిగిలిన మనిషంతా ఈ స్టూలు మీద కూర్చునే ఆవిడకు. కాగితం ఎలా ఉన్నదాన్ని అలా పెట్టేసి వరండాలోకి వచ్చి, ఎవరూ చూడకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

తర్వాత ఆమె చేసింది ఆమెకు చేతనైన పనే. పొద్దుటి షిఫ్టులో డయాలసిస్ చేయించుకునే ఒక కుట్టుమిషన్ల మెకానిక్‌ మధ్యాహ్నం షిఫ్టు కావాలని చాలా రోజులుగా అడుగుతున్నాడని ఆమెకు తెలుసు. హెడ్ సిస్టర్ దగ్గరికి వెళ్ళి, డిపోలో నాకు మధ్యాహ్నం డ్యూటీ పడింది, మా ఆయనను పొద్దుటికి మార్చండి అంది. రెండు రోజుల్లో పని అయిపోయింది.

ఇంట్లో చెబితే భర్త ఎందుకని అడిగాడు. డ్యూటీ అంది.

"బుధవారం కూడానా?"

"బుధవారం కూడా."

ఆ మాటతో ఆమెకున్న కాస్త జంకు కూడా పోయింది. చూశావా, బుధవారమే అడిగాడు అనుకుంది.

నాలుగో నెల మొదటి బుధవారం పొద్దున ఆరున్నరకే అతను నీలం చొక్కా వేసుకుని తయారయ్యాడు. నాలుగు గంటలూ తలుపు వైపే చూశాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ కాస్త లేచేది. చివరికి హెడ్ సిస్టర్‌ను అడిగాడు. ఆవిడ మధ్యాహ్నాలే వస్తుందండీ అంది సిస్టర్. ఓహో అని, మడిచిన చొక్కా చెయ్యి మెల్లగా కిందికి లాక్కున్నాడు. చార్టమ్మ పక్కనే కూర్చుని సంచీలో మాత్రలు సర్దుతోంది. లోపల చిన్నగా, చల్లగా, గెలిచినట్టు అనిపించింది. ఆ సాయంత్రం డిపోలో ఎవరో ఏదో అన్నారని నవ్వు పుట్టించే సంగతొకటి చెప్పింది. కథ మధ్యలో చూస్తే అతను వినడం లేదు.

అక్కడినుంచి అతను కుంగిపోవడం మొదలుపెట్టాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. షాపు యజమాని ఫోను చేస్తే ఆమె ఎదురుగానే, చూద్దాంలెండి అని పెట్టేశాడు. ఎప్పుడూ గీత దాటనివాడు నీళ్ళ సీసా సాయంత్రంలోగా ఖాళీ చేశాడు. ఒక సోమవారం పొద్దున తూకంలో మూడున్నర కిలోలు ఎక్కువ చూపించింది. ఊపిరి అందక, ఇంకో రోజు అదనంగా మిషను ఎక్కించాల్సి వచ్చింది. డాక్టరు చార్టమ్మనే అడిగాడు, మీరుండగా ఇదేంటమ్మా అని. ఎక్కడ తప్పు జరిగిందో ఆమెకు తెలుసు. తెలిసినా, షిఫ్టు వెనక్కి మార్చమని అడగడానికి నోరు రాలేదు. అడిగితే లెక్కలమ్మాయి గెలిచినట్టు.

ఆ నెల మూడో వారంలో, ఒక బుధవారం పొద్దున, లెక్కలమ్మాయే వచ్చింది. ఇతని ఒక్కడి కోసం కాలేజీలో సెలవు పెట్టి వచ్చిందట. చార్టమ్మ వరండాలోకి వెళ్ళి అద్దం దగ్గర నిలబడింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టబోయింది. లెక్కపెట్టడానికి ఏమీ లేదు. కుడిచేయి దుప్పటి మీదే ఉంది. పెదాలు కదిలీ కదలనట్టు కదిలాయి. పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. ఇదే కదా తను కోరుకున్నది. తీరా జరిగాక ఆమెకు అందులో ఏ సుఖమూ కనపడలేదు.

లెక్కలమ్మాయి లేచి, ఇంత పొద్దుటికి ఎందుకు మారారని హెడ్ సిస్టర్‌ను అడిగింది. సిస్టర్‌కు దాచాల్సిందేముంది? వాళ్ళావిడే మార్పించుకుంది, డిపోలో మధ్యాహ్నం డ్యూటీ పడిందట అంది. మంచం మీది మనిషికి వినపడేంత దగ్గరగానే అంది.

ఇంటికొచ్చాక అతను చొక్కా మార్చుకోలేదు. వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె గిన్నెలు సర్దుతోంది.

"ఆ చార్టు రాసేది నువ్వే కదా," అన్నాడు.

ఆమె వెనక్కి తిరగలేదు.

"నీ డ్యూటీ నీకు ఎవరు వేస్తారు?"

అప్పుడు ఆమె తిరిగింది. తిరిగి, తప్పు ఒప్పుకోవలసిన మనిషి తనే నిలదీయడం మొదలుపెట్టింది. నలభై ఒకటి చూశానంది. షాపు సంగతి చూశానంది. మూడేళ్ళుగా నేనడిగితే బానే ఉంది తప్ప మాట లేదు, నెలకోసారి వచ్చే మనిషికి మాత్రం మనసంతా విప్పి చూపిస్తారా అంది. మనసులో మాట చెప్పుకునే మనిషికి నాలుగు ఇచ్చారే, ఎవరా మనిషి అని అడిగింది.

"ఆ అమ్మాయే," అన్నాడు. "ఎదురుగా కూర్చుని అడుగుతుంటే ఎవరూ లేరని ఎలా అంటాను? మర్యాదగా ఉండదు కదా."

అది వేళాకోళమో నిజమో ఆమెకు అర్థం కాలేదు. ఏదైనా సరే గుచ్చుకుంది.

అతను ఫ్రిజ్ తలుపు మీది చార్టు వైపు చూశాడు. తర్వాత మాట్లాడాడు. మూడేళ్ళలో అంత సేపు అతను మాట్లాడింది అప్పుడే. "నీకు చెబితే అది డ్యూటీ అయిపోతుంది. షాపులో కూర్చోవాలని ఉంది అన్నాననుకో. నువ్వు యజమానికి ఫోను చేస్తావు, బస్సు టైము చూస్తావు, అక్కడ కుర్చీ ఎత్తెంతో కనుక్కుంటావు. శనివారం రెండు గంటలు అని అక్కడ అంటిస్తావు. తీరా ఆ శనివారం నేను లేవలేననుకో, నీ మొహం చూడాలి. ఆ మొహం నేను రెండుసార్లు చూశాను, మార్పిడికి కిడ్నీ కుదరలేదని డాక్టరు చెప్పినప్పుడల్లా. మూడోసారి చూడలేను. ఆ అమ్మాయి రాసుకుంటుంది, వెళ్ళిపోతుంది. రేపు నేను లేవకపోయినా ఆమెకేం కాదు. అందుకని ఆమెకు చెప్పాను."

చార్టమ్మ స్టవ్ గట్టుకు ఆనుకుంది. ఇంత కాలం అతను తనకు ఏదో ఇవ్వడం లేదనుకుంది. తనకు దెబ్బ తగలకుండా దాన్ని పక్కకు పెడుతున్నాడని అనుకోలేదు. అంతమాత్రాన కోపం చల్లారలేదు.

"మరి నన్నెవరు అడిగారు?" అంది. గొంతు తగ్గించే అంది. "మీ రక్తం కొలిచారు, బరువు కొలిచారు, ఆశ కొలిచారు. నాది ఎవరైనా కొలిచారా? మీరు గీత దాటితే నాకు తిట్లు. మీకు నలభై ఒకటి వస్తే నాకు తెలియదు."

ఇంతకాలం ఆ సంగతి తనకు తట్టనే లేదని అతని మొహమే చెబుతోంది. ఆ సాయంత్రం అతను నీళ్ళ సీసా మీది గీత దాటలేదు.

మర్నాడు చార్టమ్మ సెలవు పెట్టి నర్సింగ్ కాలేజీకి వెళ్ళింది. లెక్కలమ్మాయి గదిలో రెండు కుర్చీలు, బల్ల నిండా ఫైళ్ళు. కూర్చోమన్నా కూర్చోకుండా, అబద్ధం చెప్పి షిఫ్టు మార్పించింది తనేనని, కాగితం కూడా చదివానని చెప్పేసింది. ఫైలు వదిలి వెళ్ళడం నా తప్పే అంది లెక్కలమ్మాయి. దాని గురించి కాలేజీలో రాసి ఇవ్వాలి, మీ ఆయనకు కూడా క్షమాపణ చెప్పుకోవాలి అంది.

"నాకు మీ మీద కోపంగా ఉండేది," అంది చార్టమ్మ.

"తెలుసండీ. తలుపు అద్దంలోంచి కనిపించేవారు."

చార్టమ్మకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిన్న వచ్చిన అంకె ఏమవుతుందని అడిగింది. తన వల్ల తప్పు లెక్క వచ్చింది కాబట్టి కొట్టేస్తారేమోనని ఆమె ఆశ. కొట్టేయకూడదట. తగ్గింది తగ్గినట్టే ఉంటుంది, పక్కన కారణం రాస్తారట. నా పేరు రాస్తారా అని అడిగితే, ఎవరి పేరూ ఉండదు, షిఫ్టు మారింది అని మాత్రం ఉంటుంది అంది లెక్కలమ్మాయి. నాలుగు నెలలు లోపల దహించుకుపోయిందంతా అక్కడ రెండు మాటలు. అది వింటే తేలికగానూ ఉంది, కాస్త అవమానంగానూ ఉంది.

వెళ్ళబోతూ, ఆ పన్నెండూ నన్నడగరా అంది. వెంట ఉండేవాళ్ళు ఈ పరిశోధనలో లేరని, మీ లెక్క ఎందులోనూ కలపలేనని ఆమె చెప్పింది. చెప్పి, ఒక ఖాళీ కాగితం తీసి, పెన్నుతో సహా ముందు పెట్టి, టీ తెస్తానని బయటికి వెళ్ళింది. చార్టమ్మ కూర్చుంది. మొదటిదానికి రెండు వేసింది. రెండోదానికి మూడు వేసి కొట్టేసింది. ఇరవై రెండేళ్ళలో ఆమె చేత్తో రాసినదాన్ని కొట్టేయడం అరుదు. "ముందు ముందు చేయాలనుకునే పని నాకు ఉంది" అన్న చోట పెన్ను ఆగిపోయింది. అతని ఆరోగ్యం తప్ప ఇంకేమీ తోచలేదు. అది తన పనో, అతని పనో తేలలేదు. టీ వచ్చేసరికి కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది.

మధ్యాహ్నం షిఫ్టు మళ్ళీ దొరకడానికి మూడు వారాలు పట్టింది. మెకానిక్‌ను బతిమాలాల్సి వచ్చింది. అతను ఊరికే ఒప్పుకోలేదు, నాలుగు మాటలు అని ఒప్పుకున్నాడు. ఆమె పడింది. ఆ తర్వాత వచ్చిన మొదటి బుధవారం అద్దంలోంచి చూస్తే అతను ఐదుసార్లు నవ్వాడు. ఆరోసారి నవ్వినప్పుడు ఆమె వెళ్ళి వరండా చివర బెంచీ మీద కూర్చుంది. అసూయ పోలేదు. కూర్చుంటే కాస్త నయంగా ఉంది, అంతే. ఆ నెల అంకె ఎంతో ఆమె అడగలేదు. అతను చెప్పలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం అతను చెప్పులు వేసుకుంటూ షాపుకు వెళ్తున్నానన్నాడు. ఆమె నోట్లో పది ప్రశ్నలు తిరిగాయి. సరే అంది. అతనెక్కే బస్సేదో ఆమెకు తెలుసు, తోలేది ఎవరో తెలుసు. షాపు ముందు ఆపి, చెయ్యి పట్టి దింపమని ఒక్క ఫోను చేస్తే చాలు. ఫోను తీసింది. డ్రైవరు నంబరు దాకా వెళ్ళింది. బల్ల మీద బోర్లా పెట్టేసింది. ఆ రెండు గంటలూ ఆమెకు పని సాగలేదు. ఇప్పుడు ఎవరో కుర్చీలో కూర్చుని ఉంటారు, ఆయన వాళ్ళ మొహానికి జానెడు దూరంలో మొహం పెట్టి, ఇది బాగుందా అని అడుగుతూ ఉంటాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళ మీద కూడా ఆమెకు కుళ్ళు పుట్టింది.

అతను గోడ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. మంచం మీద పడి తెల్లారేదాకా లేవలేదు. ఎలా జరిగిందో చెప్పలేదు. ఆదివారం బట్టలు మడతపెడుతుంటే వచ్చి పక్కన కూర్చుని, నిన్నొక ముసలావిడ వచ్చింది అన్నాడు. కొత్త అద్దాలు పెట్టగానే ఆవిడ పక్కనున్న మొగుణ్ణి ఎగాదిగా చూసి, పాతవే ఇచ్చెయ్యి బాబూ అందట. చార్టమ్మ నవ్వింది. అతను ఆమె నవ్వుతుంటే చూశాడు. వచ్చే శనివారం కూడా వెళ్తారా అన్న ప్రశ్న ఆమె గొంతులోనే ఆపుకుంది.

దుప్పటి చెరో కొసా పట్టుకుని మడిచారు. అతను అటువైపు నుంచి అడిగాడు. "నీకేం చేయాలనుంది? నా సంగతి వదిలెయ్. నీకు."

చెప్పి నవ్వులపాలవుతానేమోనని ఆమెకు భయం. చివరికి దుప్పటి వైపు చూస్తూ చెప్పింది. "బస్సు నడపాలని."

అతను నవ్వలేదు. ఎవరికి చెప్పాలి, ఎక్కడ నేర్పుతారు అని కూడా అనలేదు. ఈ వయసులోనా అనలేదు.

"ఏ రూటు?" అన్నాడు.

"పద్నాలుగో నంబరు. ఖాళీగా ఉంటుంది. చివర్లో పెద్ద మలుపు ఉంటుంది, మొత్తం బస్సు ఒకేసారి తిప్పాలి. ఆ మలుపు ఎలా తిప్పాలో డ్రైవర్లందరికీ నేనే చెబుతాను. స్టీరింగు మాత్రం ఎప్పుడూ పట్టుకోలేదు."

అతను దుప్పటి కొస ఆమె చేతికిచ్చి, మంచం అంచున కూర్చున్నాడు. ఆ మలుపు ఎడమకా కుడికా అని అడిగాడు. ఆమె చేతుల్లోని దుప్పటి పక్కన పడేసి, రెండు చేతులూ గాలిలోకి ఎత్తి, ఎలా తిప్పాలో చూపించడం మొదలుపెట్టింది.